ఆగుమే, పోగు సేతిలో ఉండాది

పోయిన బుధవారం పొద్దున పదకొండింటికి నాకు ఉద్యోగం వచ్చిన కబురు ఫోన్లో వచ్చింది. ఒకసారి చదివాను, చాలక ఇంకోసారి చదివాను, మూడోసారి మా అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. ఆమెకి అక్షరాలు రావు. నా మొహం మాత్రం బాగా చదువుతుంది. "వచ్చెనా?" అంది. "వచ్చెమా!" అన్నాను. అంతే, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాను.

పరిగెత్తింది మూడిళ్ళ అవతల ఉన్న అవ్వ దగ్గరికి.

గడప దాటాక గానీ గుర్తు రాలేదు, అవ్వ పోయి ఎనిమిది నెలలైందని. లోపల ఆమె కొడుకు మగ్గం మీద కూర్చుని నేస్తున్నాడు. పక్కన గోడకి ఆనించి ఆమె పీట అలాగే ఉంది. పీట మీద బూడిద పోసుకునే కొబ్బరిచిప్ప. నోటి నిండా కబురు పెట్టుకుని ఆ పీట ముందు నిలబడ్డాను. "ఆగుమే, పోగు సేతిలో ఉండాది" అనే మనిషి లేదు. ఆ మాట పడకుండా ఆ ఇంట్లో నేను ఏ కబురూ చెప్పి ఎరగను. అందుకని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఎమ్మిగనూరులో మేముండేది నేతగాళ్ళ వీధి. మేము నేతవాళ్ళం కాదు. మా నాయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. పొద్దున బస్సుకి పోయి సాయంత్రం బస్సుకి మీసాల్లో దూదితో తిరిగొస్తాడు. నేను మగ్గాల చప్పుడు మధ్య చదువుకున్నాను. ఇప్పటికీ చప్పుడు లేని చోట కూర్చుంటే నాకు పాఠం బుర్రకెక్కదు.

ఆ వీధిలో అవ్వ అందరికీ అవ్వే. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద పొడుగునా ఉండే పోగుల్ని పడుగు అంటారు. ఒక పడుగు నేయడం అయిపోతే కొత్తది ఎక్కించాలి. పాతదంతా తీసేసి, కొత్త పోగుల్ని మొదటి నుంచి దువ్వెన లాంటి పన్నెలో దూర్చాలంటే రోజులు పడుతుంది. అందుకని పాత పడుగుని చివరిదాకా నెయ్యరు, జానెడు వదిలేస్తారు. ఆ జానెడు పాత పోగుల కొసలకి కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే తెచ్చి అతుకుతారు. వేలకొద్దీ పోగులు. ముడి వెయ్యకూడదు, ముడి పన్నెలో ఇరుక్కుంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పాలి. చూస్తే ఏమీ లేనట్టుంటుంది. లాగితే మాత్రం ఊడకూడదు.

అవ్వ అతికింది ఊడిందని ఎవరూ ఎరగరు. ఆమె పోగుల వైపు చూసేది కూడా కాదు. వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, వాళ్ళ మీద మాటలు విసురుతూ మెలిపెట్టేది. కొత్తగా మగ్గమెక్కిన వాళ్ళు పాత పడుగుని కొస దాకా నేసేస్తే మాత్రం తిట్టేది. "జానెడు ఉంచురా నాయినా! అంతా మింగినావంటే నేను దేనికి అతకల్ల, నీ మీసాలకా?"

ఇంకో అలవాటుండేది. చేతిలో పోగు ఉండగా ఏ కబురూ వినదు. మంచిదైనా అంతే, చెడ్డదైనా అంతే. "ఆగుమే, పోగు సేతిలో ఉండాది." పిడికెడు పోగులు తీసుకుని కూర్చునేది, ఆ పిడికెడు అయ్యేదాకా ఆగాల్సిందే. నా పదో తరగతి ఫలితం వచ్చిన రోజు గడప మీద ఒంటికాలి మీద గెంతుతుంటే నవ్వింది. "ఈ పిల్ల కబురు ఆపుకోలేదు, సంటిపిల్లోల్లు ఉచ్చ ఆపుకోలేరే, అట్ల." పోగులయ్యాక బూడిద చేతులు కొంగుకి తుడుచుకుని, పీట మీద మొత్తంగా నా వైపు తిరిగి కూర్చుంది. "ఇప్పుడు సెప్పు." చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మార్కులు ఒక్కో సబ్జెక్టుకీ వేరేవేరేగా చెప్పమంది. ఆమెకి సబ్జెక్టుల పేర్లు తెలియవు. అయినా ఒక్కోదానికీ తల ఊపింది. మా ఇంట్లో అందరూ సంతోషించారు, కానీ అలా మొత్తంగా తిరిగి కూర్చుని ఎవరూ వినలేదు.

నర్సింగ్ రెండో సంవత్సరంలో సెలవులకి వచ్చినప్పుడు, ఒకరోజు నన్ను వెనక నీళ్ళ గదిలోకి పిలిచి రవిక విప్పింది. ఎడమ వైపు చర్మం లోపలికి పీక్కుపోయి ఉంది. వేలు పెట్టి చూశాను. రాయిలా ఉంది, కదల్లేదు.

"నీ బుక్కులో దీన్నేమని రాసినారో సూడు" అంది.

"ఎన్నాళ్ళయిందవ్వా?"

"పోయిన జాతర కాడ్నుంచి. అప్పుడు సింతగింజంత ఉండె."

"ఎందుకు చెప్పలేదు?"

"నొప్పి ల్యాదు గదమ్మే. నొప్పి లేనిదాన్ని రోగమని యాడ సెప్పల్ల? నవ్వరా?"

నా పుస్తకంలో దానికి ఏం రాశారో నాకు తెలుసు. కానీ ఆరోజు నా నోరు రాలేదు. "చూపిద్దాంపా" అన్నాను, అంతే.

ఆదోనిలో డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకి పంపింది. కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మంది. అక్కడ తీసిన స్కానులో జబ్బు ఎముకల్లోకీ ఊపిరితిత్తి అంచుకీ పాకిందని తేలింది. ఈ సంగతి ముందు తెలిసింది కొడుక్కీ నాకూ. అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"మాయమ్మకి డెబ్బై దాటె పాపా. ఆ మందు ఎక్కిస్తే మనిషి మంచం దిగదంట గదా. ఉన్నన్నాళ్ళు నెమ్మదిగా ఉండనీ. సూదులతో సంపొద్దు" అన్నాడు.

అతని మీద నాకు కోపం రాలేదు. తల్లంటే ప్రాణం, అందుకే ఆ మాట అన్నాడు. కానీ ఆమెని ఎవరూ అడగలేదు.

మందు ఎక్కించాలా వద్దా అన్నది మర్నాడు తేలాలి. బయట బెంచీల మీద కూర్చున్నాం. కొడుకు టీ తెస్తానని పోయాడు. నేను చీటీ రాయించుకోవడానికి వరుసలో నిలబడ్డాను. వచ్చేసరికి అవ్వ నెమ్మదిగా కూర్చుని చుట్టూ చూస్తోంది. ఎంతసేపటికీ పిలుపు రాదు. చివరికి లోపలికి పోయి అడిగితే, మూడుసార్లు పిలిచాం, పలకలేదు, వెనక్కి వేశాం అన్నారు.

"అవ్వా, నీ పేరు పిలిచారంట గదా!"

"అది నా పేరా!" అంది. "నేననుకుంటి, పాపం ఎవురో గానీ అంతగా పిలుస్తాంటే పలకదే, సెవుడేమో అని. పక్కనాయమ్మకి గూడా సెప్తిని, సూడమ్మా ఆ ముసిల్ది యాడ పండుకుందో లేపుపో అని."

ఆ పేరుతో ఆమెని ఎవరైనా పిలిచి నలభై ఏళ్ళు దాటింది. నాకైతే ఆరోజే తెలిసింది ఆమెకొక పేరుందని. ఆమె వాడుకోని పేరు ఇక్కడ నేను రాయడమెందుకు.

డాక్టరు వయసులో చిన్నవాడు. ఫైలు తెరిచి కొడుకు వైపు తిరిగి మొదలుపెట్టాడు. అవ్వ చీర అంచులో వేలాడుతున్న పోగు ఒకటి పట్టుకుని మెలి తిప్పుతోంది.

"ఆగు నాయినా" అంది.

డాక్టరు ఆగాడు. ఆమె మెలి పూర్తి చేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. బూడిదేం లేదు, అలవాటు. "ఆ గడ్డ నాది నాయినా. వానిది కాదు. ఈ పక్క తిరిగి సెప్పు."

ఆయన కుర్చీ జరుపుకుని నిజంగానే ఆమె వైపు తిరిగాడు. దాపరికం లేకుండా చెప్పాడు. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, మందుతో కొంతకాలం అదుపులో పెట్టొచ్చు అన్నాడు. ఎంతకాలమని అడిగింది. కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు, నీకెంతో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. కొడుకు మధ్యలో అందుకున్నాడు. "వయసు సూడండి సార్. తట్టుకుంటాదా?"

"కార్డులో వయసు చూసి మందు ఇవ్వము, ఆపము కూడా. మనిషిని చూసి ఇస్తాం" అన్నాడు డాక్టరు. అప్పుడు అవ్వకి పరీక్షలు పెట్టాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. తలుపు దాకా నడిచి రమ్మన్నాడు. ఇంట్లో నీ స్నానం నువ్వే చేస్తావా, వంట ఎవరు చేస్తారు, కళ్ళు కనపడతాయా, రాత్రి నిద్ర పడుతుందా అని అడిగాడు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకో, తర్వాత అడుగుతాను అన్నాడు: తాళంచెవి, నిమ్మకాయ, ఏనుగు. ఇంత ముసలామెని ఇలా నడిపించి, లేపి, కూర్చోబెట్టి చూడడం నాకు క్లాసులో విన్న పాఠమే. కళ్ళారా చూడడం మాత్రం అదే మొదలు.

"నీకేం కావాలవ్వా?" అని చివర్లో అడిగాడు.

కొడుకే జవాబిచ్చాడు. "మనవరాలి పెండ్లి సూడల్లని ఉంటాది సార్."

"అది వాని మాట" అంది అవ్వ. "నాకు బతకల్లని ఉండాది. దానికింగో కారణం సెప్పల్లనా?" ఆమె చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టింది. "బతికినన్నాళ్ళు ఈ వేళ్ళు పని సెయ్యల్ల. అంతే నాయినా."

కొడుకు తల దించుకున్నాడు, సరే అన్నాడు. డాక్టరు కాగితం మీద 'వేళ్ళు' అని రాసుకుని కింద గీత గీశాడు. ఈ మందుతో వేళ్ళు తిమ్మిరెక్కొచ్చు, ఎక్కితే వెంటనే చెప్పాలి అన్నాడు. సరేనంది. లేచి తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "నాయినా, నీ తాళంచెవి, నీ నిమ్మకాయ, నీ ఏనుగు నువ్వే పెట్టుకో. బస్సులో ఏనుగుతో యాడ పోయేది?"

డాక్టరు నవ్వుతుంటే బయటికి వచ్చేశాం. గూడూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్క కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక అడిగింది. "జానెడు ఉందంటనా ఇంగా?"

"ఉందంటవ్వా."

"జానెడుంటే సాలు. అతుక్కోవచ్చు."

వారానికొక సీసా. మూడు వారాలు వరసగా, నాలుగో వారం సెలవు. కొడుకు ఎమ్మిగనూరులో బస్సెక్కించేవాడు, కర్నూలులో నా కాలేజీ కాబట్టి నేను దింపుకునేదాన్ని. మొదటిరోజు సీసా వేలాడదీయగానే చుక్కల్ని కాసేపు చూసి లెక్క తేల్చేసింది. "సుక్కకీ సుక్కకీ నడుమ ఒగ పోగు అతకొచ్చు." ఇక రెండు చేతులూ గాల్లో ఆడడం మొదలుపెట్టాయి, లేని పోగుల్ని మెలిపెడుతూ. పక్క మంచం ఆమె ఏదో జపం చేస్తోందనుకుని దండం పెట్టింది. అవ్వ ఆశీర్వదించింది కూడా.

జుట్టు మూడో వారానికి పోయింది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే ఆమే అంది. "ఉరుకుంద ఈరన్నకి గుండు మొక్కి ముప్పై ఏండ్లాయె. ఇంట్లో పనితో పోలేకపోతిని. ఇంగ ఇది రాదులే అని ఆయప్పే సీసాలో కూసోని వచ్చి తీసకపాయె."

సీసా అయ్యాక బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగుల ఉగ్గాని ఆమెకి, బజ్జీ నాకు. ఆమె నోరంతా పుళ్ళు, కారం తగిలితే కళ్ళలో నీళ్ళొచ్చేవి. అయినా బజ్జీ కొనాల్సిందే. ముందు తను చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, అప్పుడు నా ఆకులో పెట్టేది. "నా వంతు అయిపాయె, ఇంగ నీ వంతు." ఉగ్గాని ఎలా ఉందవ్వా అంటే "ఇసక తిన్నెట్ల ఉండాది, మంచి తాలింపు పెట్టిన ఇసక" అనేది, మొత్తం తినేది.

మూడు నెలలకి స్కాను తీస్తే గడ్డ తగ్గింది. ఊపిరితిత్తి దగ్గరిది సగమైంది. పనివల్ల అనుకుంటూ వచ్చిన నడుము నొప్పి కూడా తగ్గి నిటారుగా నడుస్తోంది. నేను బస్టాండులో ఎగిరాను. ఆమె మాత్రం "కిందికి దిగుమే, సూస్తాండారు" అంది.

ఒకరోజు బస్సు దిగేసరికి ఆమె కాలికి ఒకటే చెప్పు ఉంది. "రెండోదేది అవ్వా?" అన్నాను. కాలి వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, "బస్సుకి ఇస్తిలే, కావల్లనె" అంది. నవ్వాను. నాలాంటి నర్సింగ్ విద్యార్థిని ఆరోజు నవ్వింది. పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే అర పేజీ జవాబు రాసుండేదాన్ని.

ప్రతి వారం డాక్టరు అడిగేవాడు, వేళ్ళకి తిమ్మిరి ఉందా అని. ప్రతి వారం ఒకటే జవాబు. "ఏం ల్యాదు నాయినా, బాగుండా."

సంగతి నాకు చెప్పింది ఆమె కొడుకు. ఒక ఆదివారం అవ్వ ఎదురింట్లో ఉండగా మగ్గం దగ్గరికి పిలిచి పడుగు చూపించాడు. మెత్తగా లాగాడు. నాలుగు పోగులు ఊడి చేతికొచ్చాయి. ఇంకోచోట లాగాడు, ఆరు.

"ఇది మాయమ్మ అతికింది పాపా. రెండు నెలల్నుంచి ఇట్లే. ఆమె ఆసుపత్రికి పోయిన దినం కూసోని అన్నీ మళ్ళీ నేను అతుకుతాండా. ఆమెకి తెలీదు. మాయమ్మ అతుకు ఊడిందని ఎట్ల సెప్పేది?"

అతని బొటనవేలికి బూడిద ఉంది. నిజానికి అతనికి ఆ పని సరిగా రాదు. చిన్నప్పటి నుంచీ ఆ పని ఆమెదే, అతను నేర్చుకోలేదు. తెలిసీ తెలియని చేతులతో తల్లి పరువు కాపాడుతున్నాడు.

వేళ్ళకి తిమ్మిరెక్కిందా అని అవ్వని అడిగాను. "తిక్కతిక్కగా మాట్లాడొద్దు పో" అంది. లోటా చేతిలోంచి జారి పడింది. ఇద్దరం దాని వైపు చూశాం. "తడి సెయ్యి" అంది. చెయ్యి పొడిగా ఉంది.

ఆ వారం డాక్టరు గదిలో, ఆయన ఇంకా అడగకముందే నేను చెప్పేశాను. తిమ్మిరెక్కిందనీ, చెప్పు ఊడినా తెలియలేదనీ, పోగు ఊడిపోతోందనీ, లోటా సంగతీ, అంతా ఒక్క ఊపిరిలో. పోగులు ఊడడం అవ్వకి తెలియదు. ఆ మాట దగ్గర ఆమె తల నా వైపు తిరిగింది. ఆ చూపుకి నా నోరు మూతపడింది, కానీ అప్పటికే అంతా బయటికొచ్చేసింది.

డాక్టరు తన కోటు గుండీ ఒకటి విప్పి, దీన్ని పెట్టవ్వా అన్నాడు. ఆమె పట్టుకుంది. గుండీ వేళ్ళ మధ్య ఉందో లేదో చూసుకుని పట్టుకుంది. మూడుసార్లు జారింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎందుకు దాచావు?"

"సెప్తే ఆపేస్తావు గద నాయినా. ముసిల్దానికి ఇంగ సాల్లే అంటావు."

ఆయన కలం కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "చెప్పకపోతే వేళ్ళు ఇంకా చెడి, అప్పుడు నిజంగానే ఆపాల్సి వచ్చేది. చెబితే తగ్గిస్తాం. వయసువాళ్ళకి ఇచ్చినంతే నీకూ ఇవ్వాలని లేదు. రెండు వారాలు ఆగుదాం. తర్వాత మందు తగ్గించి మొదలుపెడదాం. గడ్డ మళ్ళీ పెరగొచ్చు, పెరగకపోవచ్చు. చూస్తూ ఉంటాం. ఏం చేద్దాం?"

"ఆగు నాయినా" అంది. చీర అంచు కోసం చెయ్యి వెళ్ళింది, పోగు దొరకలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. "దినాలూ కావల్ల, వేళ్ళూ కావల్ల. రెండూ కొంచెం కొంచెం ఇయ్యి."

ఆరోజు ఉగ్గాని కొనలేదు. శనివారం కావడంతో నేనూ ఆమెతోనే బస్సెక్కాను. ఎమ్మిగనూరు దాకా ఒక్క మాట లేదు. దిగేముందు అంది.

"నా నోట్లో మాట నువ్వెందుకు ఎత్తుకపోతివి మే? నేను సెప్తాంటిని గద."

"ఎప్పుడవ్వా?"

"నా పోగు అయినాక."

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ వేళ్ళు బాగుపడాలంటే ఆ మాట బయటికి రావాల్సిందే. కానీ అది ఆమె నోటి నుంచి రావాల్సిన మాట. కాసేపు ఆగితే చాలు, నేను ఇంకోసారి అడిగి, నువ్వే చెప్పు అవ్వా అని పక్కన కూర్చుని ఉండొచ్చు. కబురు ఆపుకోలేకపోయాను.

దానికి శిక్ష పడింది. రెండో సంవత్సరం ఫలితాలు వచ్చాయి, పరిగెత్తుకుంటూ పోయాను. "ఆగు" అంది. పిడికెడు పోగులయ్యాయి, ఇంకో పిడికెడు తీసుకుంది. అదీ అయింది, మూడోది తీసుకుంది. చీకటి పడింది, ఇంటికొచ్చేశాను. మర్నాడు మళ్ళీ అంతే. నాలుగో రోజు నేను పోలేదు. సాయంత్రం ఆమే మా గడప మీదికొచ్చి నిలబడింది, గుండు మీద కొంగు కప్పుకుని.

"ఏమ్మే, ఆ కబురు సెప్పవా? నోట్లో పులిసిపోతాదది."

చెప్పాను. ఒక్కో సబ్జెక్టుకీ వేరేవేరేగా.

మందు తగ్గించాక వేళ్ళకి తెలివి కొంత తిరిగొచ్చింది, మొత్తం రాలేదు. ఆమె ఏం చేసిందంటే, మెలి వేళ్ళతో పెట్టి, ఆ అతుకుని కింది పెదిమ మీద ఆనించి మెత్తగా లాగేది. వేళ్ళకి తెలియనిది పెదిమకి తెలిసేది. ఊడేదైతే అక్కడే ఊడేది, మళ్ళీ పెట్టేది. ఒక పూటలో అయ్యే పని రెండు రోజులు పట్టేది. కింది పెదిమ మీద ఎప్పుడూ బూడిద గీత ఉండేది. కోడలు తుడవబోతే చెయ్యి తోసేసేది. "ఉండనీమ్మా. నీకు లిపిస్టిక్ ఉండాది గదా, నాకిది." ఆ పెదిమతోనే కోడలికి పని నేర్పింది. కొడుకు మళ్ళీ ఎప్పుడూ చాటుగా అతకాల్సిన అవసరం రాలేదు.

మొదటి సీసా నుంచి లెక్క వేస్తే రెండేళ్ళ మీద నాలుగు నెలలు ఉంది. మనవరాలి పెళ్ళి కూడా చూసింది. అక్కడ భోజనం బాలేదని నాతో వేరుగా చెప్పింది. ఆ తర్వాత గడ్డ మళ్ళీ పెరిగింది. మందు మార్చారు. అది పనిచేయలేదు. డాక్టరు ఇంకో మందు పేరు చెప్పి, ఇది కొంచెం కష్టపెడుతుంది అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాను.

"ఆగు నాయినా" అంది. చాలాసేపు తీసుకుంది. బయట పేర్లు పిలుస్తున్నారు. "ఇంగ సాలు. కొస మిగల్లేదు. దేనికి అతుకుతావు?"

డాక్టరు ఆమె చేతుల మీద చెయ్యి పెట్టాడు. నొప్పికి మందు ఇచ్చాడు. ఇంట్లో రెండు నెలలు నెమ్మదిగానే ఉంది. నోటి పుళ్ళు మానిపోయాయి కాబట్టి బజ్జీ తినగలిగింది, సగం. మిగతా సగం నా ఆకులో పెట్టింది. ఒక మధ్యాహ్నం, వీధిలో మగ్గాలన్నీ ఆడుతుండగా, ఆ చప్పుళ్ళోనే పోయింది.

బుధవారం ఆ పీట ముందు నిలబడి ఇదంతా ఎంతసేపు తలుచుకున్నానో తెలియదు. కొడుకు నన్ను చూశాడు. నా కాళ్ళు చూశాడు, మొహం చూశాడు. నేను నోరు తెరిచాను.

"ఆగు పాపా" అన్నాడు. "ఈ వరస అయిపోనీ."

వరస అయింది. మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, మొత్తంగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు సెప్పు."

చెప్పాను. ఉద్యోగం వచ్చిందని, ఆదోని ఆసుపత్రిలోనే అని. కొత్తగా తెరిచిన గదిలో అని. అక్కడ ఎక్కించేది అవ్వకి ఎక్కించిన మందేనని, ఇక మనవైపు వాళ్ళు దాని కోసం వారం వారం కర్నూలు పోనక్కర్లేదని. అతను మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. అతను లేచి, కొబ్బరిచిప్ప పక్కన పడున్న తెగిన పోగుల కుచ్చులోంచి మూరెడేసి పోగులు రెండు లాగి నా చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున మా నాయనా నేనూ ఒకే బస్సులో ఆదోని పోయాం. ఆయన కండక్టరుకి చెప్పాడు, డ్రైవరుకి చెప్పాడు, వెనక సీట్లో నిద్రపోతున్న మనిషిని లేపి చెప్పాడు. "నా బిడ్డ. డిగ్రీ. మా ఇంట్లో ఇదే మొదలు." నేను తల వంచుకున్నాను గానీ, ఆపమనలేదు.

ఆరు మంచాల గది అది. నాలుగో మంచం మీద దేవనకొండ వైపు నుంచి వచ్చిన ముసలామె. వేరుశెనక్కాయలు వలిచి బతికిన చేతులు. కర్నూలులో మొదలుపెట్టి ఇక్కడికి మార్పించుకుంది. మందు ఎక్కించే ముందు అడగాల్సినవి అడిగాను. వాంతులు, జ్వరం, విరేచనాలు. చేతులకి తిమ్మిరి ఉందా అవ్వా?

"ఏం ల్యాదు తల్లీ, బాగుండా."

కలం కాగితం దాకా వెళ్ళింది. ఆపాను. జేబులోంచి రెండు పోగులూ తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఊరికే, ఈ రెండు కొసలూ కలిపి మెలిపెట్టు అవ్వా."

నా వైపు అదోలా చూసింది. ప్రయత్నించింది. ఒకటి జారింది. వంగి తీసుకుంది. రెండోది జారింది. అది జారిన సంగతి ఆమెకి తెలియలేదు. ఉత్త వేళ్ళే తిప్పుతోంది. కాసేపటికి చూసుకుంది. పక్క మంచాల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"సెప్తే ఆపేస్తారా పాపా?"

"చెబితే తగ్గిస్తారవ్వా. చెప్పకపోతేనే ఆపాల్సి వస్తుంది."

ఆమె పోగు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అంతలో డాక్టరు గుమ్మం దగ్గరికొచ్చి, నాలుగో మంచం ఎలా ఉంది సిస్టర్, మొదలుపెడదామా అన్నాడు. నోటి నిండా కబురుంది నాకు.

"ఒక్క నిమిషం ఆగండి సార్" అన్నాను. "అవ్వ చెప్తుంది."